వెనక సీటులో ఆఖరి ఓవరు

మొన్న మా పాత కారు అమ్మేశాం. ఇక్కడ కువైట్‌లో, అల్ రాయ్ అనే పేటలో పాత కార్లు కొనే దుకాణాల వరసలో ఒకదాని ముందు నిలబెడితే, కొనబోయే పెద్దమనిషి టైర్లు తన్ని చూశాడు, బానెట్ ఎత్తి చూశాడు, చివరికి లోపల కూర్చుని, వెనక వచ్చేవాళ్ళని చూసుకునే అద్దాన్ని తన ఎత్తుకి సరిపడేలా ఒక్క తోపు తోశాడు. సీట్ల కింద ఇరుక్కుపోయిన బిస్కెట్ ముక్కలకీ, తలుపు లోపలివైపు మా చిన్నవాడు స్కెచ్ పెన్నుతో గీసిన ఒంటెకీ రాని దిగులు ఆ అద్దం కదిలితే వచ్చింది. మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం ప్రొద్దున్న ఆ అద్దంలోనే నాకు మొదటిసారి ప్రమాదం కనిపించింది. మైదానం పక్కన కారు ఆపి ఉంది. ఇసుకగాలి మొదలైతే, వెనక సీటులో ఉన్న పిల్లల మీద దుమ్ము పడుతుందని నేను ముందు సీట్లో కూర్చుని అద్దాలు పైకెక్కిస్తున్నాను. చిన్నవాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి పక్కన ఎనిమిదేళ్ళ మా పెద్దది నిటారుగా కూర్చుని, రెండు అరచేతులూ కళ్ళ మీద గట్టిగా అదిమి పెట్టుకుని ఉంది. బయట చప్పట్లు వినపడ్డాయి. చేతులు తియ్యలేదు. ఎవరో ఈల వేశారు. అప్పుడూ తియ్యలేదు. కళ్ళలో దుమ్ము పడిందేమో అనుకున్నాను. అడిగితే, చేతులు తియ్యకుండానే చెప్పింది: "లేదమ్మా. నాన్న బ్యాటింగ్ కదా."

పిల్లలు పడుకున్నాక, వంటింటి బల్ల మీద ఇది రాస్తున్నాను. ఆ మాట ఎందుకంత భయపెట్టిందో చెప్పాలంటే ముందు మా జట్టు గురించి చెప్పాలి.

పెళ్ళయి అబూ హలీఫా వచ్చిన కొత్తలో శుక్రవారం అంటే నాకు ఏడుపొచ్చేది. వారమంతా మిర్కాబ్‌లో ఆఫీసుకి పోయి లెక్కలు చూసుకునే మనిషి, దొరికిన ఒక్క సెలవు ప్రొద్దున చీకటితోనే లేచి, బట్టల మూట లాంటి సంచీ భుజానికేసుకుని క్రికెట్‌కి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళు అలిగాను. తర్వాత, ఇంట్లో అలిగి కూర్చునే బదులు అక్కడే వెళ్ళి అలుగుదామని నేనూ వెళ్ళాను. మైదానం అనడమే గాని అది ఇసుక. మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద పచ్చ చాప. చుట్టూ వరసగా ఆపిన కార్లే ప్రేక్షకుల గ్యాలరీ. మా జట్టులో సగం మంది మా కోనసీమ వాళ్ళు, సగం మంది కడప, అన్నమయ్య జిల్లాల వాళ్ళు. ఏసీలు బాగుచేసే అతను ఫాస్ట్ బౌలరు. ఒక షేకు గారింటి వంటతను స్పిన్నరు. మా ఆయన వికెట్ కీపరు. మోకాలి నొప్పి ఉన్న వికెట్ కీపరు అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి, బంతి వెళ్ళిపోయాక కూర్చునేవారు.

మా జట్టు ఓటములకి మొదటి కారణం మర్యాద అని నా అభిప్రాయం. కడప అబ్బాయి బంతి కొట్టి "రారా!" అని అరిచేలోపు పరుగు అయిపోయేది. మా కోనసీమ వాళ్ళు ఒకరినొకరు "ఆయ్, వచ్చేయండి, వచ్చేయండి, వద్దొద్దు, ఉండండి" అనుకునేసరికి అవతల వికెట్లు లేచిపోయేవి. అలా వరసగా రనౌట్లయ్యాక కెప్టెను ఒక చట్టం చేశాడు. పిచ్ మీద తెలుగు నిషేధం. పరిగెత్తాలంటే యల్లా, ఆగాలంటే ఖలాస్. దానివల్ల రనౌట్లు తగ్గాయి. క్యాచ్ ఔట్లు పెరిగాయి.

గెలిచే జట్టుకి అభిమానిగా ఉండడంలో పనేముంది? వాళ్ళకి మన అవసరం లేదు. ఓడిపోయే జట్టు అలా కాదు, అది మన ఒంట్లోకి వచ్చి కూర్చుంటుంది. బుధవారం నుంచే నాకు మ్యాచ్ మొదలయ్యేది. గురువారం పులిహోరకి చింతపండు నానేస్తూ, ఎవరు ఎన్ని పరుగులు చేస్తే గట్టెక్కుతామో మనసులో లెక్కలేసుకునేదాన్ని. నేను డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివాను. నాణేనికి జ్ఞాపకశక్తి ఉండదనీ, పదిసార్లు బొరుసు పడ్డా పదకొండోసారి బొమ్మ పడడానికి దానికేమీ మొహమాటం ఉండదనీ మా మేడమ్ చెప్పిన మాట ఇప్పటికీ గుర్తు. అయినా సరే, ఒకసారి గెలిచినప్పుడు వేసుకున్న పసుప్పచ్చ చున్నీనే ప్రతి శుక్రవారం వేసుకునేదాన్ని. అది ఉతికితే అదృష్టం పోతుందేమోనని ఒక వారం అలాగే మడిచిపెట్టాను కూడా. చదువు వేరు, బౌండరీ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం వేరు.

అక్కడ నాకంటే పెద్ద భక్తుడు ఒకాయన ఉండేవారు. రాయచోటి వైపు మనిషి, ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. నేను అన్నా అంటాను, పిల్లలు తాతా అంటారు. ఆయన జన్మలో బ్యాటు పట్టలేదు. శుక్రవారం ఆయన మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆలస్యంగా లేస్తుంది కాబట్టి ఆ లోపల వచ్చి మ్యాచ్ చూసి పోయేవారు. మడత కుర్చీ, చాయ్ ఫ్లాస్కు, మెడ చుట్టూ తువ్వాలు. మనవాళ్ళు ఇద్దరు నిలదొక్కుకుని ఆడుతుంటే మైదానం బయట ఆయనది కర్ఫ్యూ. "ఎవురూ కదలొద్దండబ్బా! కూచున్నోళ్ళు కూచున్నట్టే ఉండండి. ఓ సారూ, యాడికి లేస్తాండావు? ఓర్చుకో. వికెట్టు పడినాంక పోదువులే." పాపం ఆ సారు ఓర్చుకునేవాడు. మేమందరం ఓర్చుకునేవాళ్ళం. కాలు మీద కాలు వేసుకున్నవాళ్ళు తిమ్మిరెక్కినా తీసేవాళ్ళు కాదు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే, ఫొటో తీయించుకుంటున్నాం అనుకునేవారు.

మొదట్లో మా పెద్దది ఈ వ్యవహారంలో అదృష్ట దేవత. మా ఆయన గ్లౌజులు దాని చేతికిచ్చి, మళ్ళీ దాని చేతుల్లోంచి తీసుకుని తొడుక్కునేవారు. "మా తల్లి ఇస్తే క్యాచ్ జారదు" అనేవారు. అది రెండు చేతులూ చాచి, గుడిలో పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకునేది. నాకు చూడముచ్చటగా ఉండేది, ఎందుకంటే నేనూ అలాంటి పిల్లనే. మా ఇంట్లో మా నాన్న ఏ పని మీద బయల్దేరినా "అమ్మడూ, ఎదురు రా" అని కేకేసేవారు. నేను వీధి చివరికంటా పోయి, చెంబుతో నీళ్ళు పట్టుకుని, ఏమీ తెలియనట్టు ఎదురొచ్చేదాన్ని. నా ఎదురు మంచిదని మా వీధి వీధంతా పేరు. పక్కింటివాళ్ళు కూడా అరువడిగేవారు. ఒకసారి మా అన్నయ్య పెద్ద పరీక్షకి వెళ్తుంటే అలాగే ఎదురొచ్చాను. వాడు తప్పాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాని ఆ తర్వాత మా నాన్న బయల్దేరుతుంటే నేను చెంబు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాను, ఆయన చెప్పులు తొడుక్కుని, నన్ను పిలవకుండానే వెళ్ళిపోయారు. ఆ చెంబులో నీళ్ళు నేను మందార మొక్కకి పోసిన సంగతి నాకిప్పటికీ గుర్తుంది. అప్పుడే అర్థం కావలసింది, మంచి ఎదురు అనే మాట వెనకాలే ఇంకో మాట నిలబడి ఉంటుందని.

ఆ ఏడు మా జట్టు బాగా దిగజారింది. చలికాలం మొదలయ్యాక ఒకే ఒక్కటి గెలిచాం, అదీ అవతలి జట్టులో సగం మంది డ్యూటీ పడి రాకపోతే. ఒక శుక్రవారం మా పెద్దది కారులోంచి దిగి, చిప్స్ ప్యాకెట్ కోసం నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వికెట్ పడింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. ఇంకోటి పడింది. మూడోసారి మంచినీళ్ళకి వచ్చేసరికి, బాగా ఆడుతున్న కెప్టెనే ఔటయ్యాడు. డ్రైవరన్న తువ్వాలు నెత్తిన వేసుకుని నవ్వుతూ అన్నారు: "ఏంది పాపా, నీది ఐరన్ లెగ్గు మాదిరుండాదే! పో, పోయి కార్లో కూచ్చో తల్లీ. చాకలెట్టు ఇస్తా." అందరూ నవ్వారు. ఔటై వస్తున్న కెప్టెనూ నవ్వాడు. నేనూ నవ్వాను. మా పెద్దది కూడా నవ్వి, చాక్లెట్ తీసుకుని, కారులోకి వెళ్ళి కూర్చుంది. సరిగ్గా ఆ తర్వాతే మావాళ్ళు చివరి జోడీతో మ్యాచ్ గెలిచేశారు. ఆ ఏడు గెలిచిన రెండోదీ, ఆఖరిదీ అదే.

ఇక చూడండి. ఆ మరుసటి శుక్రవారం నుంచి అది ఒక ఏర్పాటు అయిపోయింది. ఎవరూ కసిరింది లేదు. "మా బంగారం కదూ, కారులో కూర్చో" అనేవాళ్ళు. చాక్లెట్లు, కేకులు, ఒకసారి ఏకంగా ఒక బొమ్మ. వాళ్ళకది ఆట. మా ఆయన గ్లౌజులు తనే తొడుక్కోవడం మొదలుపెట్టారు. అడిగితే, ఆలస్యమవుతోందని అన్నారు. నేను పట్టించుకోలేదు. ఏ క్షణాన ఏం మునిగిపోతుందో అని పగలూ రాత్రీ భయపడే మనిషిని. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూస్తాను. పిల్లలు తుమ్మితే థర్మామీటర్ తీస్తాను. ఇన్ని భయాల మధ్య, కారులో బుద్ధిగా కూర్చున్న పిల్ల గురించి భయపడాలని నాకు తట్టలేదు.

ఆ ఆఖరి శుక్రవారం మ్యాచ్ ఓడితే మా జట్టు కింది గ్రూపుకి పడిపోతుంది. పడితే మానేస్తామని అప్పటికే నలుగురు చెప్పేశారు. ఏసీ మెకానిక్కయితే "ఆయ్, ఇంక నిద్రన్నా పోదామండి శుక్రవారాలు" అన్నాడు. అంటే ఆ ఒక్క ప్రొద్దుటితో జట్టే ఖలాస్. గెలవాలంటే చివరి ఓవర్లో ఎనిమిది పరుగులు కావాలి. మా ఆయన, ఆ మోకాలితోనే, గంట నుంచీ ఆడుతున్నారు. నా పసుప్పచ్చ చున్నీ కొస వేలికి చుట్టి చుట్టి వేలు తెల్లబడిపోయింది. సరిగ్గా అప్పుడు గాలి లేచింది. అద్దాలెక్కిద్దామని కారు ఎక్కాను. ఆ అద్దంలో అది కనిపించింది.

"బ్యాటింగ్ అయితే చూడాలి గాని, కళ్ళు మూసుకోవడమేంటే?" అన్నాను.

"చూస్తే ఔటైపోతారు కదా."

"నువ్వు కారులోనే ఉన్నావుగా."

"కారులోంచి కూడా కనిపిస్తుందమ్మా. పోయిన వారం చూశాను. దొంగతనంగా చూశాను. అందుకే ఓడిపోయారు." ఇంకా చేతుల వెనకనుంచే, చాలా మామూలుగా అంది: "అమ్మమ్మ కంటి ఆపరేషన్ రోజు నేను ఫోన్‌లోకి రాలేదు చూడు, అందుకే బాగా అయింది."

నెల రోజుల ముక్కలన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. మా అమ్మ వీడియో కాల్ చేస్తే బాత్రూమ్‌లోకి పోయి తలుపేసుకున్నది, సిగ్గు అనుకున్నాను. తమ్ముడికి జ్వరమొచ్చి పడుకుంటే గుమ్మం దగ్గరే నిలబడి, బొమ్మ కారు గదిలోకి దొర్లించి, లోపలికి మాత్రం అడుగు పెట్టనిది, వాడి మీద కోపం అనుకున్నాను. స్కూల్లో పక్కపిల్ల పరుగుపందెం చూడ్డానికి వెళ్ళలేదని టీచరు చెబితే, కలుపుగోలుతనం లేదని నేనే కోప్పడ్డాను. పిల్ల ఎవరి మీదా అలగలేదు. అందరినీ తన నుంచి కాపాడుకుంటోంది.

తలుపు పిడి మీద చెయ్యి వేశాను. అక్కడ ఒక్క నిమిషం ఆగిన మాట నిజం. ఇంకో నాలుగు బంతులాగితే ఏం పోయింది అని నాలోని అభిమాని అడిగింది. ఆగి గెలిస్తే, కళ్ళు మూసుకున్నందుకే గెలిచామని దీనికి స్థిరపడిపోతుంది. ఇప్పుడు తీసుకెళ్ళి ఓడితే, తెరిచినందుకే ఓడామని రాసిపెట్టుకుంటుంది. ఎటు చూసినా నష్టమే కనిపించే లెక్క అది, మా మేడమ్ చెప్పని లెక్క. కాని ఒకటి మాత్రం తెలుస్తోంది. అరచేతుల వెనక పిల్లని వదిలేసి పసుప్పచ్చ చున్నీతో కుర్చీలోకి వెళ్ళి కూర్చోలేను. వెనక తలుపు తీశాను. చిన్నవాణ్ణి భుజాన వేసుకుని, "రావే" అన్నాను.

"వద్దమ్మా. నాన్న..."

"నాన్న ఆట చూద్దువుగాని, రా."

ఒక చెయ్యి నేను పట్టుకుంటే, రెండో చేత్తో రెండు కళ్ళూ మూసుకుని నడిచింది. మమ్మల్ని చూడగానే కుర్చీల వరస కదిలింది. డ్రైవరన్న సగం లేచి, తను పెట్టిన కర్ఫ్యూ గుర్తొచ్చి మళ్ళీ కూర్చుని, బతిమాలుకున్నట్టు అన్నారు: "మ్మా, ఇప్పుడొద్దు మ్మా. నాలుగు బంతులుండాయి. అయిపోయినాంక పిల్సుకోని రా."

"చూడనివ్వన్నా. వాళ్ళ నాన్న ఆట చూడాలి కదా" అన్నాను. ఆయన మెడ చుట్టూ తువ్వాలు సర్దుకుని మైదానం వైపు తిరిగారు. కుర్చీలో కూర్చుని దాన్ని ముందు నిలబెట్టుకుని చెయ్యి పక్కకి తీశాను. ఎండకి కళ్ళు చికిలించి, మెల్లగా తెరిచింది. మా ఆయన బంతిని పక్కకి తోసి, "యల్లా!" అని అరిచి, కుంటుకుంటూ ఒకటి కాదు, రెండు తీశారు. ఆ పరుగు చూసి దాని మొహం ఎలా వెలిగిందంటే, నెలల తర్వాత తండ్రిని విమానాశ్రయంలో చూసిన పిల్లలా. "నాన్న ఎంత వంకరగా పరిగెత్తుతున్నారో!" అంది. నవ్వింది. నేను ఊపిరి వదిలాను. తర్వాతి బంతికి ఆయన ఔటయ్యారు.

మిడిల్ వికెట్టు. ఏ అనుమానమూ లేదు. మిగిలిన ఇద్దరూ చెయ్యగలిగింది కూడా ఏమీ లేకపోయింది.

మ్యాచ్ పోయింది. అవతలివాళ్ళు గంతులేస్తుంటే, మా వరసలో తలలన్నీ ఒక్కసారి మా వైపు తిరిగి, తప్పు చేసినట్టు వెంటనే మళ్ళిపోయాయి. అందులో కోపం లేదు. అయినా పిల్ల చూసింది. మా వెనకనుంచి ఒక కుర్రాడు గొణిగాడు: "ఆయ్, చెప్పానా లేదా, పాప దిగింది, వికెట్ పడింది."

డ్రైవరన్న గిరుక్కున తిరిగారు. "నోర్ముయ్‌రా! పాప ఏం జేసింది? బంతి తిన్నంగ వస్తాంటే వాడు అడ్డంగా బ్యాటు ఊపినాడు, సూడలే? మా ఇంటికాడ ఎనుము తోక ఊపుతాది, దానికన్నా బాగ." కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. పిల్ల మొహం వైపు చూసి, చాక్లెట్ కోసం జేబులోకి పోయిన చెయ్యి అలాగే ఉంచేసుకున్నారు. దానికి ఇవ్వాలో, ఇవ్వకూడదో ఆయనకి తెలియలేదు. ఫ్లాస్కు అక్కడే మర్చిపోయి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాం. మధ్యాహ్నం మా ఆయనకి జరిగింది చెప్పాను. మొదట నమ్మలేదు. "నవ్వులాటకి అన్నాంగా అందరం. దానికి ఆమాత్రం తెలియదా?" అన్నారు. సాయంత్రం ఆయన గదిలో నేల మీద కాళ్ళు చాపుకుని, మోకాలు నొక్కుకుంటూ మూలుగుతున్నారు. మా పెద్దది నొప్పుల బామ్ డబ్బా తెచ్చింది. గుమ్మం దాకా వచ్చి, వంగి, డబ్బాని గదిలోకి దొర్లించింది, తమ్ముడికి బొమ్మ కారు దొర్లించినట్టే. ఆయన ఆ డబ్బా దొర్లుకుంటూ వచ్చి కాలికి తగిలేదాకా చూస్తూ ఉండిపోయారు.

"లోపలికి రా తల్లీ. నువ్వు రాయి."

"వద్దు నాన్నా. ఎక్కువవుతుంది."

మా ఆయన లెక్కల మనిషి, త్వరగా కరిగే రకం కాదు. కాని అప్పుడు ఆయన మొహం చూడలేక నేను బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను. ఆయన దాన్ని మళ్ళీ పిలవలేదు. కూర్చున్నవారే కూర్చున్నట్టు జరుగుతూ జరుగుతూ గుమ్మం దాకా వెళ్ళి, నొప్పి కాలు గడప అవతలికి చాపారు. "నువ్వు రావద్దులే. నా కాలే వస్తుంది" అన్నారు. అది చాలాసేపు ఆ కాలు వైపు చూసింది. తర్వాత కూర్చుని, వేలి కొసతో బామ్ తీసి, తాకీ తాకనట్టు రాసింది. "ఎక్కువైందా?" అంది. "మండుతోంది. మండేది బామ్ తల్లీ, నువ్వు కాదు" అన్నారు. నవ్వుతుందనుకున్నాం. నవ్వలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి, మామూలు కన్నా ఎక్కువసేపు కడుక్కుంది.

ఆ రాత్రంతా నేను మాటలు వెతికాను. నాణేలు, బొమ్మా బొరుసులు ఎనిమిదేళ్ళ పిల్లకి ఎక్కవు. ఐరన్ లెగ్గులూ అవీ ఉండవు అంటే, మరి నిన్న కళ్ళు తెరవగానే ఔటయ్యారుగా అంటుంది. నువ్వు అదృష్టవంతురాలివి అందామనుకున్నాను. చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ నేను గుర్తొచ్చి, అది అసలే వద్దనుకున్నాను.

తెల్లారింది. శనివారం, బడి లేదు. నేల మీద దుప్పటి పరిచి ఇద్దరికీ దోసెలు పెట్టాను. చిన్నవాడు, అప్పటికి నాలుగేళ్ళు, కారప్పొడి వద్దని ఏడ్చి, పంచదార గెలుచుకుని, శాంతించాడు. పెద్దది దోసెని తుంచుతోంది గాని తినడం లేదు. నేను ఎదురుగా కూర్చుని అడిగాను: "ఎవరి వస్తువైనా అడక్కుండా తీసుకోవచ్చా?"

"తప్పు" అన్నారిద్దరూ. చిన్నవాడు అందులో నిష్ణాతుడు కాబట్టి కొంచెం గట్టిగా అన్నాడు.

"నిన్న ఎవరు ఓడిపోయారు?"

"నాన్నా వాళ్ళు."

"ఎంతమంది?"

"పదకొండు మంది" అంది పెద్దది, దోసె వైపు చూస్తూ.

"ఆ ఓడిపోవడం ఆ పదకొండు మందిది. ఎండలో పరిగెత్తి, క్యాచులు జారవిడిచి, అడ్డంగా బ్యాటు ఊపి, కష్టపడి వాళ్ళు సంపాదించుకున్నది. అందులో నీకు వాటా లేదు. నాకూ లేదు. వాళ్ళది నువ్వెందుకు తెచ్చుకుని దాచుకున్నావు? ఇచ్చెయ్యి."

అది తలెత్తింది. వాదించడానికి ఏదో వెతుకుతోందని కళ్ళు చూస్తే తెలిసింది. లోపలనుంచి మా ఆయన, అంతా వింటూనే ఉన్నారు కాబోలు, "అవును, నాది నాకిచ్చెయ్" అన్నారు. చిన్నవాడు పంచదార చేతులతో తన కాళ్ళు చూసుకుని అడిగాడు: "అమ్మా, మరి నాది ఏ లెగ్గు?"

"నీది జిగురు లెగ్గురా. చూడు, దుప్పటంతా ఎలా చేశావో" అంది పెద్దది. అని, నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది. కాని తెలివైన పిల్ల, అంత తేలిగ్గా వదలదు. నవ్వు ఆపి, నా మొహంలోకి సూటిగా చూసి అడిగింది:

"అంటే నేను చూసినా నాన్నకి ఏం కాదని తెలియాలంటే ఎన్ని శుక్రవారాలు చూడాలి?"

స్టాటిస్టిక్స్ చదివిన ఎవరైనా గర్వపడే ప్రశ్న. మా జట్టు ఉంటుందో లేదో తెలియదు. ఆ ఏడు మా ఆయన ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే అనుమతి, ఇంకా రెన్యువల్ కాలేదు. ఈ ఊళ్ళో మాలాంటి వాళ్ళకి కాలం ఏళ్ళ లెక్కన రాదు, స్టాంపు వేసినంత మేరకే వస్తుంది. నా భయం అది పసిగట్టకూడదని, వంగి ఇంకో దోసె దాని కంచంలో వేస్తూ చెప్పాను:

"తెలిసేదాకా చూద్దాం. వచ్చే వారం నుంచి నీ కుర్చీ నా కుర్చీ పక్కనే. ఓడితే ఓడతాం, కళ్ళు తెరుచుకునే ఓడదాం. మనకి శుక్రవారాలకేం తక్కువే?"